ఒక్కో ప్రైమరూ మంచిదే, కలిపితేనే గొడవ (ప్రసంగ పాఠం)

వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? సరే. మైక్ కాస్త కీచుమంటోంది, నేనే కొంచెం దూరంగా పట్టుకుంటా.

మీ మేడమ్ గారు ఫోన్ చేసినప్పుడు "ప్రైమర్ డిజైన్ మీద మాట్లాడండి, మా పిల్లలకి సాఫ్ట్‌వేర్ వాడటం వచ్చు" అన్నారు. సాఫ్ట్‌వేర్ వచ్చు అన్నారు కదా అని నేను స్లైడ్లేమీ తేలేదు, ఒక్క జెల్ ఫోటో తెచ్చా, ఈ గంటా దాని చుట్టూనే తిరుగుతాం. పీసీఆర్ అంటే డీఎన్ఏలో మనకి కావాల్సిన ముక్కకి, అంటే టార్గెట్‌కి, ట్యూబులో సైకిల్ తర్వాత సైకిల్‌గా కాపీలు తీయడం. ప్రైమర్ అంటే ఆ ముక్క చివర అతుక్కుని కాపీ మొదలెట్టించే పొట్టి డీఎన్ఏ. ఆ కాపీల్ని జెల్ మీద నడిపితే పొడవుని బట్టి విడిపోయి గీతల్లా కనపడతాయి, అవే బ్యాండ్లు.

ఇది మా ల్యాబ్‌లో తీసిందే. మాది మాంసం శాంపిల్స్ టెస్ట్ చేసే పని, అంటే ఎవరో మేక మాంసం అని అమ్మారు, అది మేకేనా, గొర్రె కలిసిందా, ఇంకేమన్నా కలిసిందా చెప్పాలి. ముక్కలు కోసి కూర వండేసాక కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, డీఎన్ఏ ఒక్కటే చెప్తుంది. ఒక్కో జంతువుకి ఒక్కో పీసీఆర్ పెడితే ఒక శాంపిల్‌కి అయిదు ట్యూబులు, పది శాంపిల్స్ వస్తే యాభై, కంట్రోల్స్ వేరే. అందుకని అన్నీ ఒకే ట్యూబులో వేసేద్దాం, మల్టీప్లెక్స్ అంటారే, అది చేద్దాం అనుకున్నాం, మేక, గొర్రె, కోడి, ఆవు, గేదె. ఫోటోలో మొదటి అయిదు లేన్లు చూడండి, ఒక్కో ప్రైమర్ జత విడివిడిగా, బ్యాండ్లు ముత్యాల్లా ఉన్నాయి. ఆరో లేన్‌లో పది ప్రైమర్లూ కలిపి, అయిదు డీఎన్ఏలూ కలిపి వేసాం. కోడి బ్యాండ్ మెరిసిపోతోంది, గేదె ఉందా లేదా అన్నట్టుంది, మిగతా మూడూ మాయం, జెల్ అడుగున మాత్రం తెల్లగా ఒక మేఘం. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, ఆ రోజు మేము నవ్వలేదు.

అప్పుడు మేము చేసిన తప్పేంటంటే, ప్రతి జతనీ ప్రైమర్3 అనే సాఫ్ట్‌వేర్‌లో విడిగా డిజైన్ చేసి, ప్రతి దానికీ మంచి స్కోర్ రాగానే ఆర్డర్ పెట్టేసాం. ఒక్కోటీ బానే ఉంది కదా, కలిపితే మాత్రం ఏమవుతుంది అనుకున్నాం.

లెక్క చెప్తా చూడండి. ఒక టార్గెట్‌కి రెండు ప్రైమర్లు. అవి ఒకదానితో ఒకటి అతుక్కోవచ్చు, లేదా తనకి తనే అతుక్కోవచ్చు, అంటే చూసుకోవాల్సిన జంటలు 3. రెండు టార్గెట్లయితే నాలుగు ప్రైమర్లు, జంటలు 10. మా అయిదు టార్గెట్లకి పది ప్రైమర్లు, 55. పది టార్గెట్లయితే 210, యాభై అయితే 5050. టార్గెట్లు పెరిగినట్టు గొడవలు పెరగవు, అవి స్క్వేర్‌లో పెరుగుతాయి. మేము 55 లో 15 మాత్రమే చూసాం, ఎందుకంటే జతలని విడివిడిగా డిజైన్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ జత లోపల మాత్రమే చూస్తుంది, పక్క జతలో ఎవరున్నారో దానికి తెలీదు, మనం చెప్పలేదు.

అతుక్కోవడం అన్నీ ఒకలాంటివి కావు. రెండు ప్రైమర్లు నడుమ భాగంలో అతుక్కుంటే కాస్త నష్టమే కానీ ప్రాణం పోదు, వేడికి విడిపోతాయి. త్రీ ప్రైమ్ ఎండ్ దగ్గర, అంటే ప్రైమర్ పొడుగయ్యే కొస దగ్గర, అతుక్కుంటేనే అసలు ప్రమాదం, ఎందుకంటే కాపీ తీసే ఎంజైమ్ పాలిమరేజ్‌కి కావాల్సింది ఒక త్రీ ప్రైమ్ కొస, అది ఒక టెంప్లేట్ మీద, అంటే కాపీ తీయాల్సిన డీఎన్ఏ మీద, కుదురుగా కూచోవడం, అంతే. ఆ టెంప్లేట్ మేక డీఎన్ఏనా పక్క ప్రైమరా అని అది చూడదు, పొడిగించేస్తుంది. ఒకసారి పొడిగించాక ఆ చిన్న ముక్కకి రెండు చివర్లా రెండు ప్రైమర్ల సీక్వెన్స్ పూర్తిగా ఉంటుంది, అంటే అదే ఇప్పుడు మంచి టెంప్లేట్, పైగా ముప్పై నలభై బేసుల, అంటే డీఎన్ఏ అక్షరాల, పొట్టి ముక్క, ప్రతి సైకిల్‌లోనూ ఇట్టే రెట్టింపవుతుంది. జెల్ అడుగున మేఘం అదే, దాన్నే ప్రైమర్ డైమర్ అంటారు. మీ ప్రైమర్ చివరి నాలుగు బేసులూ జీ ఏ టీ సీ అనుకోండి, దాన్ని తిరగేసి కాంప్లిమెంట్, అంటే ఏ కి టీ, జీ కి సీ జోడీగా, రాస్తే మళ్ళీ జీ ఏ టీ సీ యే వస్తుంది, అంటే ఆ ప్రైమర్‌కి వేరే శత్రువు అక్కర్లేదు, తనకి తనే చాలు. ఇలాంటివి పెన్ను పేపరుతో కూడా పట్టుకోవచ్చు, పెద్ద పనేం కాదు.

ఇది మాలాంటి చిన్న ల్యాబులకే జరిగేది అనుకోకండి. కోవిడ్ టైములో వైరస్ సీక్వెన్సింగ్‌కి ప్రపంచమంతా వాడిన ప్రైమర్ సెట్ ఆర్టిక్ అనే శాస్త్రవేత్తల నెట్‌వర్క్ వాళ్ళది. వైరస్ జీనోమ్ 29,903 బేసులు, దాన్ని సుమారు 400 బేసుల ముక్కలుగా, 98 ముక్కలు, పక్కపక్క ముక్కలు అంచుల్లో ఒకదాని మీద ఒకటి వచ్చేలా డిజైన్ చేసారు. అన్నీ ఒకే ట్యూబులో వేస్తే పక్క ముక్కల ప్రైమర్లు కలిసి ఆ అంచులోని చిన్న ముక్కనే పెంచుకుంటూ కూచుంటాయి, అందుకని బేసి నంబర్లు ఒక ట్యూబు, సరి నంబర్లు ఒక ట్యూబు. రెండు పూల్స్ అంటే ఇదే. దీంట్లో మొదటి వెర్షన్‌లో 18వ ముక్క, 76వ ముక్క చాలా శాంపిల్స్‌లో సరిగ్గా వచ్చేవి కావు. జీనోమ్‌లో ఈ రెండూ ఎక్కడో దూరదూరంగా ఉంటాయి, వాటికేం సంబంధం? కానీ రెండూ సరి నంబర్లే, ఒకే ట్యూబు. జపాన్ వాళ్ళు 2020 లో చూసి చెప్పిందేంటంటే 18 లెఫ్ట్ ప్రైమర్, 76 రైట్ ప్రైమర్ త్రీ ప్రైమ్ చివర 10 బేసులు అచ్చంగా ఒకదానికొకటి కాంప్లిమెంట్. పది! వాళ్ళు 76 రైట్ ఒక్కదాన్నే మార్చారు, రెండు ముక్కలూ బాగుపడ్డాయి. నాకు దీంట్లో నచ్చిందేంటంటే 18 వ దానికి మందు 76 లో దొరకడం. పాడైన బ్యాండ్ ప్రైమర్‌నే పట్టుకుని మార్చుకుంటూ పోతే వారాలు గడిచిపోతాయి.

సరే, డైమర్ల సంగతి అలా ఉంచండి. డైమర్లు అసలు లేవనుకుందాం, అప్పుడైనా అందరికీ సమానంగా వస్తుందా అంటే రాదు.

బంతి భోజనం ఎప్పుడైనా చూసారా, ఇప్పుడంతా బఫే అయిపోయింది గానీ, మా ఊళ్ళో ఇంకా ఉంది. మొదటి బంతిలో కూచున్న వాళ్ళకి గుత్తొంకాయ రెండేసి పడతాయి, మూడో బంతికొచ్చేసరికి సాంబారు మిగులుతుంది. ట్యూబులో కూడా అంతే, పాలిమరేజ్ ఇంతే, కాపీకి ముడిసరుకైన డీఎన్‌టీపీలు ఇంతే, ఎవరు ముందు మొదలెడితే వాళ్ళు తినేస్తారు. ముందు మొదలెట్టడం అంటే చాలా చిన్న తేడా. ఒక జత ప్రతి సైకిల్‌లో 95 శాతం సామర్థ్యంతో పనిచేస్తోంది, ఇంకోటి 85 తో. రెండూ మంచివే, విడివిడిగా జెల్ మీద చూస్తే తేడానే కనపడదు. 30 సైకిళ్ళు అయ్యేసరికి మొదటిది రెండోదానికి దాదాపు 5 రెట్లు. 90, 70 అయితే 28 రెట్లు. నా ఫోటోలో కోడి మెరవడానికీ గొర్రె మాయమవడానికీ సగం కారణం ఇదే.

మరి ఆ సామర్థ్యం తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది. మొదటిది టీఎం, అంటే అతుక్కున్న ప్రైమర్ విడిపోయే వేడి. మీకు క్లాసులో చెప్పే ఉంటారు, ఏ టీ లకి 2, జీ సీ లకి 4 వేసి కూడటం. 20 బేసుల ప్రైమర్‌లో సగం సగం ఉంటే 60 డిగ్రీలు. పరీక్షకి రాయండి, మార్కులొస్తాయి, మల్టీప్లెక్స్‌కి మాత్రం దాన్ని నమ్మకండి. ఎందుకంటే ఆ లెక్కకి బేసులు ఎన్ని అనేదే కావాలి, ఏ వరసలో ఉన్నాయి అనేది అక్కర్లేదు, కానీ నిజంగా డీఎన్ఏ జంట గట్టితనం పక్కపక్కన ఎవరున్నారు అనేదాన్ని బట్టి ఉంటుంది, పైగా మీ బఫర్‌లో ఉప్పు ఎంత, మెగ్నీషియం ఎంత అనేదాన్ని బట్టి కూడా. అందుకే నియరెస్ట్ నైబర్ పద్ధతి వాడాలి, ప్రైమర్3 లో అదుంది, కానీ సెట్టింగుల్లో ఉప్పు, మెగ్నీషియం మీ బఫర్‌వి వేస్తున్నారా లేదా చూసుకోండి. చాలామంది డిఫాల్ట్ మీదే వదిలేస్తారు, నేనూ వదిలేసా. ఒక ట్యూబుకి ఎనీలింగ్ టెంపరేచర్, అంటే ప్రైమర్లు అతుక్కోడానికి పెట్టే వేడి, ఒక్కటే ఉంటుంది, అందుకని అన్ని ప్రైమర్ల టీఎం రెండు డిగ్రీల లోపల ఉండేలా చూస్తాం. అయిదు డిగ్రీల తేడా ఉందనుకోండి, పెద్దదానికి సరిపోయే వేడిలో చిన్నది కూచోదు, చిన్నదానికోసం వేడి తగ్గిస్తే పెద్దది కనపడ్డ చోటల్లా కూచుంటుంది.

రెండోది ప్రాడక్ట్, అంటే పీసీఆర్‌లో వచ్చే ముక్క, ఎంత పొడవు అనేది. ఇక్కడ మాంసం కథకి వద్దాం. 1999 లో మత్సునాగా అని జపాన్ ఆయన బృందంతో కలిసి ఒక పద్ధతి ఇచ్చారు, మా ఫీల్డులో అందరికీ తెలిసిందే. మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ బి జీన్ తీసుకున్నారు. ప్రాడక్టులు ఇలా వస్తాయి, మేక 157 బేస్ పెయిర్లు, కోడి 227, ఆవు 274, గొర్రె 331, పంది 398, గుర్రం 439. గమనించండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం నలభై బేసులు, అంటే మంచి జెల్ మీద ఏ బ్యాండ్ ఎవరిదో తేలిగ్గా చెప్పచ్చు. మల్టీప్లెక్స్‌లో బ్యాండ్‌కి పేరు అంటూ ఉండదు, అది ఎంత దూరం పరిగెత్తిందో అదే దాని పేరు, కాబట్టి ప్రైమర్ డిజైన్ చేస్తున్నప్పుడే జెల్ బొమ్మ మనసులో గీసుకోవాలి.

ఇంకా తెలివైన సంగతి ఏంటంటే, ఆరు జంతువులకి పన్నెండు ప్రైమర్లు పెట్టలేదు. ఫార్వర్డ్ ప్రైమర్ ఒక్కటే, అన్ని జంతువుల్లోనూ ఒకేలా ఉండే చోట. రివర్స్ ప్రైమర్లు ఆరు, ఒక్కో జంతువుకి తేడా ఉన్న చోట. మొత్తం 7. ఇందాకటి లెక్క గుర్తుందా? పన్నెండు ప్రైమర్లయితే 78 జంటలు చూసుకోవాలి, ఏడయితే 28. గొడవ పడేవాళ్ళనే తగ్గించేసారు. ఇంకోటి, ఆ ఏడు ప్రైమర్లనీ సమానంగా కలపలేదు, ఒక్కోటీ ఒక్కో పాళ్ళలో కలిపారు, బంతిలో ముందే కూచునేవాడికి తక్కువ వడ్డించడం అన్నమాట. మేము కూడా మొదట అన్నీ 0.2 మైక్రోమోలార్ వేసి, ఎక్కువ మెరిసేదాన్ని తగ్గిస్తాం, మసగ్గా ఉన్నదాన్ని పెంచుతాం. మసగ్గా ఉన్నదాన్ని పెంచడం కంటే మెరిసేదాన్ని తగ్గించడమే ఎక్కువసార్లు పనిచేసింది, మొత్తం ప్రైమర్లు పెరిగే కొద్దీ డైమర్లు కూడా పెరుగుతాయి కాబట్టి.

ఆ లిస్టులో గుర్రం ఉంది, గేదె లేదు. జపాన్‌కి అది చాలు, మనకి గేదె లేకుండా ఎట్లా? అందుకే మేము సొంతంగా చేసుకోవాల్సి వచ్చింది.

వండిన మాంసం సంగతి ఇంకోటి. పచ్చి మాంసంలో డీఎన్ఏ పొడుగ్గా ఉంటుంది, గంటసేపు దమ్ మీద ఉన్న బిర్యానీ ముక్కలో అది ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. 157 బేసుల ముక్క దొరుకుతుంది, 439 ది దొరక్కపోవచ్చు. అంటే పొడుగు ప్రాడక్ట్ ఉన్న జంతువు శాంపిల్‌లో ఉన్నా కనపడదు, పొట్టి ప్రాడక్ట్ జంతువు కనపడుతుంది, మీరు ఏ జంతువుకి ఏ సైజు ఇచ్చారు అనేదే రిపోర్టుని మార్చేస్తుంది! జెల్ మీద విడదీయాలంటే సైజులు దూరంగా ఉండాలి, పాడైన డీఎన్ఏకి అన్నీ పొట్టిగా ఉండాలి, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. దీనికి నేరుగా పరిష్కారం లేదు, మేము అన్నీ మూడొందల లోపలే ఇరికించాం, జెల్ 3 శాతం పోస్తున్నాం, ఓపిగ్గా నడుపుతున్నాం. పోలీసు ఫోరెన్సిక్ వాళ్ళు ప్రైమర్లకి రంగులు కట్టి క్యాపిలరీ అనే సన్నటి గొట్టంలో నడుపుతారు, ఒకే సైజు ఉన్నా రంగు వేరు కాబట్టి ఇరవై పైచిలుకు మార్కర్లు ఒకే ట్యూబులో పడతాయి. మాకంత డబ్బుల్లేవు.

మైటోకాండ్రియా ఎందుకంటే సెల్‌కి న్యూక్లియస్ జీన్ రెండు కాపీలుంటే మైటోకాండ్రియా డీఎన్ఏ వందలు, వేలల్లో ఉంటుంది, వండినా ఎక్కడో ఒకటి మిగులుతుంది. కానీ దీనివల్లే బ్యాండ్ ఎంత మెరుస్తోందో చూసి "ఇంత శాతం కల్తీ" అని చెప్పకూడదు. కండలో ఒక లెక్క, లివర్‌లో ఒక లెక్క. పేపర్ వాళ్ళు ఎప్పుడూ అదే అడుగుతారు.

ఇప్పుడు బ్యాండ్ రాకపోవడం గురించి. ఇది మల్టీప్లెక్స్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం అని నా అభిప్రాయం. అసలు మల్టీప్లెక్స్ పీసీఆర్ మొదలైందే దీనితో, 1988 లో చాంబర్లెయిన్ వాళ్ళు అమెరికాలో డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే కండరాల జబ్బు కోసం చేసారు. ఆ జబ్బు జీన్‌లో 79 ఎక్సాన్లు, అంటే ప్రొటీన్‌కి కావాల్సిన ముక్కలు, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, జబ్బున్న పిల్లల్లో సగానికి పైగా ఒకటో కొన్నో ఎక్సాన్లు ఎగిరిపోయి ఉంటాయి. తరచుగా పోయే ఎక్సాన్లకి ప్రైమర్లు కలిపి వేస్తే, మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి పోయిన ఎక్సాన్ బ్యాండ్ రాదు. మిగతా బ్యాండ్లు వచ్చాయి కాబట్టి డీఎన్ఏ బాగుంది, పీసీఆర్ నడిచింది అని వాటంతట అవే సాక్ష్యం చెప్తాయి. అదే ఒక్క బ్యాండ్ పీసీఆర్ అయితే రాకపోతే ఎక్సాన్ లేదా, మీరు టాక్ పాలిమరేజ్ వెయ్యడం మర్చిపోయారా ఎవరికి తెలుసు? పిల్లాడి తల్లికి మాత్రం ఇది పనికిరాదు, రెండో ఎక్స్ నుంచి బ్యాండ్ వచ్చేస్తుంది, ఆమె క్యారియరో కాదో తెలీదు. దానికి ఎంఎల్‌పీఏ లాంటి, ఎక్సాన్ కాపీలెన్నో కొలిచే పద్ధతి కావాలి. దాంట్లో అన్ని టార్గెట్లకీ చివర్లో ఒకే ప్రైమర్ జత, గొడవలు తగ్గించడానికి అదింకో దారి.

కానీ బ్యాండ్ రాకపోవడానికి మూడో కారణం ఉంటుంది, ప్రైమర్ కూచోవాల్సిన చోట ఆ మనిషిలో సీక్వెన్స్ వేరే ఉండటం, లేదా ఆ చోటే లేకపోవడం. మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు 2002 లో చెప్పింది వినండి. ఆడా మగా తెలుసుకోడానికి ఫోరెన్సిక్ కిట్లలో అమెలోజెనిన్ అనే జీన్ వాడతారు, ఎక్స్ మీద ఉన్నదానికి 106 బేసులు, వై మీద ఉన్నదానికి 112. రెండూ వస్తే మగ, ఒకటే వస్తే ఆడ. వాళ్ళు 270 మంది భారతీయ మగవాళ్ళని చూస్తే 5 గురికి వై బ్యాండ్ రాలేదు, ఆ వై ముక్కే వాళ్ళలో ఎగిరిపోయింది. కిట్ ప్రకారం ఆ అయిదుగురూ ఆడవాళ్ళు! అందుకే ఇప్పటి కిట్లలో వై మీద వేరే మార్కర్లు కూడా పెడుతున్నారు. కరోనాలోనూ అంతే, డెల్టా వచ్చాక ఆర్టిక్ ప్రైమర్లలో 72వ ముక్క పడిపోయింది, వైరస్ మారిన చోటు సరిగ్గా ప్రైమర్ కిందకి వచ్చింది. కాబట్టి మీరు డిజైన్ చేసాక త్రీ ప్రైమ్ చివరి అయిదారు బేసుల కింద ఏమన్నా తెలిసిన మార్పులున్నాయా డేటాబేస్‌లో చూడండి. ఒక్క జాతి గేదె సీక్వెన్స్ చూసి డిజైన్ చేసి ముర్రా మీద ఒకలాగా, నాటు గేదె మీద ఒకలాగా వస్తే అప్పుడు ఏడుస్తాం.

మాంసం టెస్టులో "మేక లేదు" అని రాయాలంటే పక్కన ఏదో ఒకటి రావాలి కదా, అందుకని అన్ని జంతువుల్లోనూ ఉండే 18ఎస్ జీన్ నుంచి ఒక చిన్న ముక్క కంట్రోల్‌గా అదే ట్యూబులో పెడతాం. అదీ బంతిలో కూచుని తినేదే, అందుకని దాని ప్రైమర్లు చాలా తక్కువ వేస్తాం.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: మేడమ్, మెగ్నీషియం పెంచితే అన్ని బ్యాండ్లూ వస్తాయని మా సీనియర్ చెప్పారు.)

వస్తాయి, మీరు అడగనివి కూడా వస్తాయి. (నవ్వులు) మామూలు పీసీఆర్‌కి 1.5 మిల్లీమోలార్ దగ్గర మొదలెడతాం, మల్టీప్లెక్స్‌కి 2, 3 దాకా పోతాం, అది మామూలే. కానీ డీఎన్‌టీపీలు మెగ్నీషియంని పట్టుకుంటాయి, కాబట్టి డీఎన్‌టీపీ పెంచి మెగ్నీషియం పెంచకపోతే ఉన్న బ్యాండ్లు కూడా పోతాయి. ఇవన్నీ చివర్లో చేసే సర్దుబాట్లు. ప్రైమర్లే కొట్టుకుంటుంటే బఫర్ ఏం చేస్తుంది? హాట్ స్టార్ట్ టాక్, అంటే బాగా వేడెక్కేదాకా పనిచెయ్యనిది, మాత్రం తప్పకుండా వాడండి, ట్యూబులు సర్దుకుంటున్న ఆ పది నిముషాల్లో, చల్లగా ఉన్నప్పుడే డైమర్లు మొదలవుతాయి.

(ఇంకో విద్యార్థి: ఆ ఆరో లేన్ చివరికి ఎలా సరిచేసారు మేడమ్?)

అదే చెప్దామనుకుంటున్నా. ముందు టెంప్లేట్ అస్సలు వెయ్యకుండా పది ప్రైమర్లతో నడిపాం, మేఘం అలాగే వచ్చింది, అంటే తప్పు డీఎన్ఏలో లేదు. తర్వాత ఒక్కో ట్యూబులో ఒక్కో ప్రైమర్ తీసేసి మిగతా తొమ్మిదితో, పది ట్యూబులు. ఎనిమిదింటిలో మేఘం ఉంది, రెండింట్లో పోయింది, గొర్రె రివర్స్ తీసేసినప్పుడు, మేక ఫార్వర్డ్ తీసేసినప్పుడు. అప్పుడు పేపర్ మీద ఎదురెదురుగా రాసి చూస్తే చివరి ఏడు బేసులు కాంప్లిమెంట్. ఒక మధ్యాహ్నం పని, మేము అంతకుముందు నెల రోజులు టెంపరేచర్లు మార్చుకుంటూ కూచున్నాం. గొర్రె రివర్స్‌ని నాలుగు బేసులు పక్కకి జరిపి కొత్తది ఆర్డర్ పెట్టాం, అలా జరిపితే టీఎం ఒక డిగ్రీ పడింది, ఫైవ్ ప్రైమ్ వైపు, అంటే వెనక కొసకి, ఒక బేస్ కలిపి సరిచేసాం. కొత్త ప్రైమర్ వచ్చాక మేఘం పోయింది, నాలుగు బ్యాండ్లు చక్కగా వచ్చాయి. గేదె మాత్రం ఇంకా మసగ్గానే ఉంది, కోడి ప్రైమర్లు సగానికి తగ్గించాక అది కూడా పైకొచ్చింది. ఆ ఫోటో కూడా ఉంది, ఫోన్‌లో, ఇటు రండి చూపిస్తా.